సువార్తకి వెయ్యని సూది

ఎన్నో ఏళ్ళుగా అందరూ నన్ను మెచ్చుకునే పని ఒకటుంది. ఆ మెప్పు విన్నప్పుడల్లా మాట మార్చేస్తాను. ఎందుకో ఇవాళ మీకు చెప్పేస్తాను. మధ్యలో ఓదార్చకండి, చెప్పలేను.

తొంభైల్లో నేను తెనాలిలో ఒక మానసిక వైద్యుడి దగ్గర నర్సుని. నెలకోసారి బాపట్లకీ రేపల్లెకీ రైల్లో వెళ్ళి, రోగులకి ఇంటి దగ్గరే సూది వేసి వచ్చేదాన్ని. నెలంతా మనసుని కుదురుగా ఉంచే మందు అది. ఇరుగుపొరుగుకి మాత్రం బలానికి సూది అని చెప్పుకునేవాళ్ళు. ఒక ఏడాది గాలివాన తర్వాత కలరా వచ్చింది. రేపల్లె వైపు వెళ్ళడానికి అందరికీ హడలే. ఈ సూది ఆగితే వీళ్ళు మళ్ళీ మొదటికొస్తారమ్మా, నువ్వే దిక్కు అన్నారు డాక్టరు గారు. వెళ్ళాను. నాకు భయం లేదు, పొగరు ఉండేది. సంచిలో కలరా టీకా మందు కూడా పెట్టిచ్చారు.

సువార్త రేపల్లెలో ఒక టీచరమ్మ గారి కూతురు. జబ్బు రాకముందు తెనాలి చర్చిలో పాడితే విన్నాను. అబ్బ, ఏం గొంతండీ! సూది మొదలయ్యాక పిల్ల కుదుటపడింది గానీ పాట పోయింది. ఆ రోజు వాళ్ళమ్మ ఎప్పటిలాగే సూది గుచ్చడం చూడలేక వసారాలో నుంచుంది. లోపల సువార్త నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఈ ఒక్క నెలా మానేద్దామక్కా. నాలిక మొద్దుబారిపోతోంది. క్రిస్మస్‌కి పాడాలి."

"మీ అమ్మకేం చెప్పనే?"

"కలరా సూది వేస్తావుగా. అమ్మకి ఏ సూదైనా ఒకటే."

కలరాదే వేశాను. రెండూ అయిపోయాయండీ అని వాళ్ళమ్మతో చెప్పాను. జాలితో చేశానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జాలేనా? కాదు. ఆ గొంతు మళ్ళీ వినాలని నాకే ఆశ. డాక్టరు గారిని అడిగితే మందు కాస్త తగ్గించేవారేమో, వద్దంటారేమోనన్న భయంతో ఆ ఒక్క మాటా అడగలేదు.

క్రిస్మస్‌కి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పాడింది. వెనక బల్ల మీద కూర్చుని ఏడ్చాను, అంత సంతోషం. ఆ తర్వాత సూది తీసుకుని వెళ్ళేసరికి సువార్త ఇంట్లో లేదు. పండగైన దగ్గర్నుంచీ నిద్ర లేకుండా పాడుతూనే ఉందట. తెల్లారి చూస్తే తలుపు తీసి ఉందట.

బాపట్ల స్టేషన్లో ఎవరో అమ్మాయి పాడుతుంటే చూశామన్నారు. పరిగెత్తాను. తర్వాత కూడా ఎన్నిసార్లు వెళ్ళానో. ఇప్పటికీ అక్కడ రైలాగితే కిటికీ దగ్గర చెవొగ్గి కూర్చుంటాను. ఇన్నేళ్ళకి గొంతు మారిపోయి ఉంటుందా? వింటే గుర్తుపడతానా?

పోయేముందు వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, కలరా రోజుల్లో కూడా మానకుండా వచ్చి సూది వేశావు తల్లీ, నీ తప్పేముంది, మా రాత అంది. నోరు తెరిచాను. పడుకోండి పిన్నిగారూ అన్నాను, అంతే.

ఆ ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. అందుకే మీతో అంటున్నాను. ఆ నెల సువార్తకి నేను సూది వెయ్యలేదు. ఈ మాట నా నోట నేను వినడం ఇదే మొదలు. ఇంకోసారి అననివ్వండి. వెయ్యలేదు.