నీళ్లకు పైన జానెడు

మొన్న గిద్దలూరు బజారులో ప్లాస్టిక్ చాపల దుకాణం ముందు నిలబడిపోయాను. ఆ రంగురంగుల చుట్టల వెనక ఎక్కడో ఒక తుంగచాప ఉంది. అది కంటబడకముందే వాసన వచ్చింది, ఎండుగడ్డీ కుంటబురదా కలిసిన వాసన. "ఏం కావాల్నమ్మా?" అని దుకాణదారు రెండుసార్లు అడిగాడు. ఏమీ వద్దని బస్సెక్కాను.

మా ఊరి కుంటలో తుంగను పెంచింది ఓబుళమ్మవ్వ. తుంగ దానంతటదే మొలుస్తుందని చాలామంది అనుకుంటారు. నీళ్లు దిగిన వేసవిలో అవ్వ దుంపలు తీసి, పలచబడిన చోట మళ్లీ నాటేది. పశువులు పడకుండా కంప వేసేది. పూత గోధుమరంగుకు తిరిగాకే కొడవలి పట్టేది. ఆమెతో పాటు మరో మూడిళ్లవాళ్లు ఆ తుంగతోనే చాపలు అల్లుకుని బతికేవాళ్లు. మాది సేద్యం చేసే ఇల్లు, చాపలతో పనిలేదు. ఇంటర్ తప్పి ఇంటిల్లిపాది చేతా తిట్లు తింటున్న రోజుల్లో, తిట్టకుండా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె వెంట తిరిగేదాన్ని.

మొదటిరోజే కొడవలి చేతికిచ్చి చెప్పింది. "నీళ్లకు పైన జానెడు వదిలి కోయి పాపా. ఆ మోడుతోనే అది ఊపిరి తీసుకునేది. మోడు మునిగితే దుంప చచ్చిపోతాది."

"నిజమేనా అవ్వా?"

"నువ్వు మునిగి చూడు, తెలుస్తాది" అని నవ్వింది.

ఆ ఏడు కోతల వేళకు అవ్వ జ్వరంతో మంచాన పడింది. మిగతా మూడిళ్లవాళ్లు పెళ్లికని యర్రగొండపాలెం వెళ్లారు. వాన మబ్బు పట్టింది. ఆమె లేచేలోగా కోత ముగించి మెప్పు పొందాలని నా ఆరాటం. జానెడు వదలడం దండగనిపించింది. పొడుగు తుంగయితే వెడల్పు చాప వస్తుంది కదా అని, చేయి నీళ్లలో ముంచి మొదలంటా కోశాను. మూడు రోజుల్లో మొత్తం కోసి, కట్టలు ఆమె గుమ్మం ముందు పేర్చాను. అవ్వ ఒక కట్ట విప్పి, తెల్లటి మొదళ్లను చేత్తో తడిమింది. మర్నాడే వాన పట్టుకుంది, కుంట నిండింది. నెల తిరిగేసరికి దుంపలు నల్లబడి, పట్టుకుంటే వేళ్ల మధ్య చితికిపోయాయి.

అది చూసి మూడిళ్లవాళ్లు కుంట కట్ట మీద చేరారు. "ఎవరు కోసినారు ఇట్ల?" అని వాళ్లలో పెద్దాయన అరిచాడు. నేను నోరు తెరిచాను. అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేనే కోసినా. జరంలో తెలివి లేకపాయ."

"ముసలిదానివి, ఇంత ఆశ ఏంది నీకు? అందరి కూడు తీసినావు కదా!"

ఆమె తల దించుకుంది. ఇంటికి నడిచేటప్పుడు ఎందుకట్ల చెప్పావని అడిగాను. "నేనింక ఎన్నాళ్లుంటా? నువ్వు ఈడ బతకాల్సినదానివి" అంది. సిగ్గుతో పాటు నాకు హాయిగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

చాపలు లేక ఆ మూడిళ్లవాళ్లు దొనకొండలో రైలెక్కి కూలికి వెళ్లిపోయారు. ఊళ్లో అవ్వతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. రెండేళ్లకు ఆమె పోయింది. కబురందినా ఆ ఇళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. మా నాయన పక్కన నిలబడి ఊరుకున్నాను.

ఇప్పటికీ ఆమె మాటొస్తే, కుంటలో తుంగను చంపిన ముసలిది అనే అంటారు. నేనూ అక్కడే కూర్చుని ఉంటాను. ఔనని తలూపిన రోజులూ ఉన్నాయి.