రోదసికి పోయినవాళ్లకు చెప్పారు, నాకు చెప్పలేదు

నేను బిట్రగుంట రైల్వే షెడ్డులో ఇంజన్ ఫైర్‌మన్‌గా ఉండేవాణ్ణి. ఆ రోజు గూడ్సు బండి ఇంజన్‌లో బొగ్గు వేస్తున్నాను. పార ఎత్తి పొయ్యిలోకి విసరబోతే ఎడమ డొక్కలో కత్తి దిగినట్టు నొప్పి. ఊపిరి సగంలోనే ఆగింది. ఏదో పట్టేసిందిలే అనుకున్నాను. సాయంత్రానికి జ్వరం వచ్చింది. వారమైనా తగ్గలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం.

నెల్లూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి ప్లూరసీ అన్నారు. టీబీ వల్ల ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందట. వీపులో సూది గుచ్చి నీరు తీశారు, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మందులు మానకుండా వాడితే తగ్గుతుందని, డాక్టరుగారు నాతో చెప్పింది అదొక్కటే. మిగతాదంతా డిశ్చార్జి రోజున మా అక్కను లోపలికి పిలిచి చెప్పారు. రోగితో ఎవరు చెబుతారు, వెంట వచ్చినవాళ్లతోనే కదా చెప్పేది. నేను బయట జట్కాలో పడుకుని ఉన్నాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కావలి దగ్గర సముద్రపొడ్డు పల్లె ఆమెది, బావ పోయాక ఒంటరిగా ఉండేది. గాలి మంచిదని అక్కడికే తీసుకుపోయింది. డాక్టరుగారు ఏమన్నారని దారిలో అడిగాను.

"కదలొద్దన్నాడురా. మంచం దిగితే తిరగబెడతాదంట," అంది.

నమ్మాను. అక్క మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతాను?

ఇంజెక్షన్లు కాంపౌండరు వచ్చి వేసిపోయేవాడు. జ్వరం పోయింది, అన్నం సయించింది. కానీ తొడలు చేతుల్లాగా సన్నబడ్డాయి. ఎడమ భుజం కిందికి జారింది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఆ పక్క రొమ్ము లేచేది కాదు. ఒకసారి అక్క చూడకుండా లేవబోయి కూలబడ్డాను. ఆమె ఏడుస్తూ మళ్లీ మంచం మీదికి చేర్చింది. నెలలు అట్లాగే గడిచాయి.

చెకప్‌కు నెల్లూరు పోయినప్పుడు నన్ను ఇద్దరు మోసుకుపోయారు. డాక్టరుగారు నా పిక్కలు పట్టి చూసి, బల్ల మీదున్న పేపరు నా ముందు పడేశారు. అమెరికావాళ్లు రోదసిలో తిరుగుతున్న వార్త అది.

"అక్కడ ఒంటికి బరువనేది తెలీదయ్యా. ఊరికే ఉంటే కండ కరిగిపోతాది, ఎముక గుల్లబారతాది. అందుకే అంత ఇరుకులో కూడా రబ్బరు తాడు కాళ్లకు తగిలించుకుని లాగతా ఉంటారు. మంచం మీద రోగికైనా అంతే. జ్వరం తగ్గినాక కాళ్లు ఆడించాల, ఊపిరి ఎక్సర్‌సైజులు చెయ్యాల అని మీ అక్కకు చెప్పి పంపించినానే."

అక్క వైపు చూశాను. ఆమె దుప్పటి లాగి నా కాళ్లు కప్పింది.

ఇంటికి వచ్చాక చెప్పింది. మా బావకూ ఇదే జబ్బు. జ్వరం తగ్గిందని వేటకు పోయి, వల లాగుతూ రక్తం కక్కుకుని పోయాడు. నేను కాలు కదిపితే ఆమెకు అదే కళ్ల ముందు ఆడేదట.

"నువ్వు బతికినావు గదరా. నాకంతే చాలు," అంది.

"నాకు చాలదక్కా," అన్నాను.

పగవాడు చేసుంటే కొట్లాడి ఉండేవాణ్ణి. అన్నం కలిపి నోట్లో పెట్టిన మనిషే ఈ పని చేస్తే ఎవరితో చెప్పుకోను? చాలా రోజులు ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

పాత సైకిల్ ట్యూబు కోయించి అరికాలికి తగిలించుకుని, రెండు కొసలూ పట్టుకుని లాగడం మొదలుపెట్టాను. మొదట్లో కళ్లు తిరిగి వాంతి అయ్యేది. తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డాను, ఇసకలో నడిచాను. కాళ్లు తిరిగొచ్చాయి. ఎడమ ఊపిరితిత్తి మాత్రం రాలేదు. దాని చుట్టూ ఉండే పొర అతుక్కుపోయిందట, ఆలస్యమైపోయిందన్నారు. రైల్వే మెడికల్ పరీక్షలో ఇంజన్ పనికి అన్‌ఫిట్ చేశారు.

ఇప్పుడు షెడ్డులో కూర్చుని చేసే పని. అక్క వస్తుంది, చేపల పులుసు తెస్తుంది, తింటాను. పాపం ప్రేమతోనే కదా చేసింది అని అందరూ అంటారు. వాళ్లకు ఊపిరి బాగా ఆడుతుంది కాబట్టి అంటారు.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు మాట్లాడేటప్పుడు ఆ గదిలో మీరుండండి. నడవలేకపోతే మోయించుకునైనా లోపలికి పోండి. మీ మీద ప్రాణం పెట్టుకున్న మనిషిని మాత్రం బయట కూర్చోబెట్టండి.