ఇంజను ఆపి వినాల్సిన పడవ: బంగారుపాళ్యం నుంచి వాకాడు తీరానికి

మా బావమరిది మునిరత్నం ఒక పగలంతా సముద్రం మీద కొట్టుకుపోయి తిరిగొచ్చిన తర్వాత ఈ ప్రయాణం మొదలైంది. అతను సూళ్లూరుపేటలో ఉంటాడు. సరదాకు గేలం వేయాలని చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ వచ్చేవాళ్లను సముద్రంలోకి తీసుకెళ్లి పెద్ద చేపలు పట్టించడం అతని పని. పడవ అతనిది కాదు, దానికున్నది ఒక్క పెట్రోలు ఇంజను. ఒడ్డు కనబడనంత దూరం పోయాక అది ఆగిపోయింది. పడవలో ఆరుగురు మనుషులు. సాయంత్రానికి వలల పడవవాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ తర్వాత మునిరత్నం ఆ పడవ ఎక్కలేదు. సొంతంగా ఒక పాత పడవ కొని, దానికి రెండు డీజిల్ ఇంజన్లు పెట్టించి, ఒకటి మొండికేసినా రెండోదానితో ఒడ్డు చేరేలా ఉంటేనే మళ్లీ మనుషులను ఎక్కించుకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. సెప్టెంబరు మొదట్లో ఫోను చేసి, వాకాడు అవతల ఒక పడవ ఉందనీ, నేను చూసి సరే అంటే తీసుకుంటాననీ చెప్పాడు.

నేనే ఎందుకంటే, బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా జనరేటర్లు చూసేది నేనే. డీజిల్ ఇంజను దగ్గు విని రోగం చెప్పగలనని నాకు కొంచెం గర్వం. కొంచెమేమిటి, బాగానే ఉంది. సముద్రాన్ని మాత్రం అప్పటికి మూడుసార్లు చూశాను, మూడుసార్లూ మోకాళ్ల దాకానే. మా ఆవిడ దేవకి కూడా తమ్ముణ్ని చూసినట్టుంటుందని బయల్దేరింది. ఆమెదీ అదే ఫ్యాక్టరీ, గుజ్జు నింపిన డబ్బాలను పరీక్ష చేసే విభాగం. సీజను అయిపోయింది కాబట్టి ఇద్దరికీ సెలవు దొరికింది. నా సంచిలో పానాలు, టేపు, టార్చిలైటు. ఆమె సంచిలో తమ్ముడి కోసం మామిడి ఒరుగులు, నిమ్మకాయ ఊరగాయ.

ఇటు నుంచి వెళ్లాలనుకునేవాళ్లు ఉదయం ఐదున్నరకల్లా బస్సెక్కితే మంచిది. చిత్తూరుకు ముప్పావుగంట. అక్కడ తిరుపతి బస్సు పావుగంటకొకటి ఉంటుంది, పూతలపట్టు మీదుగా రెండు గంటల లోపు చేరుస్తుంది. నాకు నూట పది దాకా అయింది, ఆడవాళ్లకు ఉచితం కాబట్టి దేవకికి సున్నా టికెట్టు. ఆ సున్నా టికెట్టును ఆమె నాకు రెండుసార్లు చూపించింది. తిరుపతి బస్టాండులో ఇడ్లీ తిని, తొమ్మిదింటికి నాయుడుపేట బస్సు పట్టుకున్నాం. శ్రీకాళహస్తి దాటాక కొండలు వెనకబడతాయి, నేల చదునవుతుంది, గాలిలో తేమ తెలుస్తుంది. దారి పొడుగునా దేవకికి పాఠం చెప్పాను. పెట్రోలు ఇంజను వేగంగా తిరుగుతుంది, డీజిల్ నిదానంగా తిరిగి బలంగా లాగుతుంది. అందుకని ఇంజను ఒక్కటే మారిస్తే చాలదు, గేర్‌బాక్సూ నీళ్లలో తిరిగే రెక్కలూ దానికి తగ్గట్టు మార్చాలి. ఉప్పునీళ్లు నేరుగా ఇంజనులోకి పోకుండా, లోపలి మంచినీళ్లను చల్లార్చే పెట్టె వేరుగా ఉండాలి. ఇవన్నీ వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నవే. నాయుడుపేట వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది.

మునిరత్నం పదిన్నరకు ఆటో మాట్లాడి పెట్టాడు. పోనూ రానూ, అక్కడ ఆగడానికీ కలిపి తొమ్మిది వందలు. వాకాడు దాకా బస్సు ఉంటుంది గానీ, అక్కడి నుంచి తీరానికి పోయే బండ్లు మధ్యాహ్నం తర్వాత తగ్గిపోతాయని ఆటో డ్రైవరు చెప్పాడు. నాలుగు లోపు వెనక్కి బయల్దేరకపోతే రాత్రికి అక్కడే పడుకోవాలన్నాడు. దారి మొదట వరి మళ్ల మధ్య, తర్వాత రొయ్యల చెరువుల మధ్య, చివరికి సర్వి (సరుగుడు) తోపుల్లోంచి పోతుంది. దారంతా మునిరత్నం ఆ పడవ గురించే మాట్లాడాడు. పెళ్లిచూపులకు పోయేవాడిలాగా చొక్కా కూడా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

పడవ ఒక చిన్న పల్లె చివర, సర్విచెట్ల నీడలో దిమ్మల మీద కూర్చుని ఉంది. ఇరవై ఎనిమిది అడుగుల ఫైబరు పడవ, వయసు ఇరవై ఏళ్లకు పైమాటే. అంచుల వెంబడి గేలం కర్రలు నిలబెట్టే గొట్టాలు, వెనక భాగంలో పెద్ద చేప పడినప్పుడు కూర్చుని లాగడానికి తిరిగే కుర్చీ. తెల్లరంగు కొట్టి ఎక్కువ రోజులు కాలేదు. పాత పెట్రోలు ఇంజన్లు రెండూ తుప్పు పట్టి బిగుసుకుపోతే తీసి పక్కన పడేశారు. వాటి బదులు బాగుచేయించిన రెండు డీజిల్ ఇంజన్లను పడవతో పాటు ఇస్తారట. పడవ యజమాని ఊళ్లో లేడు, ఆయన తరఫున చూసుకునే మనిషి ఉన్నాడు. పడవలు బాగుచేసే తిరుపాలు అనే పెద్దాయన కూడా వచ్చి చెట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. ఇంకో పార్టీ మర్నాడు ఉదయమే అడ్వాన్సుతో వస్తున్నారని, ఏదైనా ఈరోజే చెప్పాలని ఆ మనిషి ముందే అన్నాడు.

ఒక ఇంజనును ఇనుప స్టాండు మీద బిగించి ఉంచారు. అది చూడగానే నాకు మా ఫ్యాక్టరీకి వచ్చినట్టే అనిపించింది. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమన్నాను, రెండో తిప్పుకే అందుకుంది. నల్లపొగ లేదు, తెల్లపొగ నిమిషంలో పోయింది. ఆయిలు మూత తీసి చూస్తే పొగ గానీ ఆయిలు గానీ ఎగజిమ్మడం లేదు. పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవి దగ్గర పెట్టుకుని నాలుగు సిలిండర్లూ విన్నాను. ఒకదానికొకటి తాళం తప్పలేదు. చల్లార్చే పెట్టె ఉంది, గేర్‌బాక్సు కొత్తది. పడవలోకి దిగి టేపు పెట్టి కొలిస్తే రెండు ఇంజన్లూ చక్కగా పడతాయి. పాతవాటికన్నా ఒక్కోటి వంద కిలోల దాకా ఎక్కువ బరువు ఉంటుందని లెక్క వేశాను. కానీ ఆ బరువు మోసేది ఏమిటన్న ఆలోచన నాకు రాలేదు. నా ఇరవై ఏళ్ల పనిలో ఇంజను కింద ఎప్పుడూ కాంక్రీటు దిమ్మే ఉంది. ఇంజను పాడవడం చూశాను గానీ దాని కింద నేల పాడవడం నేనెన్నడూ చూడలేదు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, కళ్లు మూసుకుని తీసుకోమని మునిరత్నానికి చెప్పేశాను. అతని ముఖం వెలిగిపోయింది. స్టాండు మీది ఇంజను అప్పటికీ నడుస్తూనే ఉంది, దాని పాట వింటూ నేనూ ఆనందంగానే ఉన్నాను.

దేవకి అప్పటిదాకా పడవలోనే ఉంది. ఇంజన్లు కూర్చోవాల్సిన చోట అడుగున పొడవుగా నాలుగు దూలాలు ఉంటాయి. లోపల చెక్క, పైన ఫైబరు పొర. వాటి పక్కన గొంతుకూర్చుని చేత్తో తడుముతోంది. తర్వాత తలెత్తి నన్ను పిలిచింది.

"ఇదో, ముందు ఆ ఇంజను ఆపమని సెప్పు. నాకేమీ ఇనపడ్ల."

ఆ మనిషి ఆపాడు. ఒక్కసారిగా సముద్రం హోరూ సర్విచెట్ల ఈలా చెవిన పడ్డాయి. దేవకి నా సంచిలోంచి చిన్న పానా ఒకటి తీసుకుని దూలం మీద తట్టడం మొదలుపెట్టింది. జానెడు దూరం జరుగుతూ, ఒక్కోచోట రెండు దెబ్బలు. ఇక్కడ ఆమె పని గురించి చెప్పాలి. గుజ్జు నింపి మూసేసిన డబ్బాలో గాలి దూరిందో లేదో పైకి కనబడదు. చిన్న ఇనుప కడ్డీతో మూత మీద కొట్టి విని తెలుసుకుంటారు. మంచి డబ్బా టింగుమంటుంది, చెడ్డది డబ్బుమంటుంది. పద్నాలుగు సీజన్లుగా మా ఆవిడ రోజుకు వేల డబ్బాలు అలా తట్టి ఏరుతోంది. ఒకే ఫ్యాక్టరీలో ఉంటూ నేను ఆ చప్పుడు ఒక్కసారీ వినలేదు. నేను పనిలో ఉన్నానంటే జనరేటరు నడుస్తోందనే అర్థం.

కుడివైపు రెండు దూలాలూ గట్టిగా పలికాయి. ఎడమవైపు మొదటిది సగం దాకా బాగానే పలికి, ఇంజను బోల్టులు దిగే చోట మొద్దుబారింది. ఆ తేడా నాకు కూడా తెలిసింది. నాలుగోది ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిసిన అట్టపెట్టెను తట్టినట్టే ఉంది. దేవకి పానా నా చేతికిచ్చింది. తిరుపాలు చెట్టు దగ్గర్నుంచి వచ్చి, డ్రిల్లుతో అక్కడ చిన్న రంధ్రం చేశాడు. చెక్కపొట్టు రావాల్సిన చోట తడి కాఫీపొడి లాంటిది వచ్చింది. పాత బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి నీళ్లు దిగి లోపలి చెక్క కుళ్లిపోయిందని, పైన వేసిన రంగు కప్పేయడంతో కనబడలేదని ఆయన చెప్పాడు. అంత బరువైన ఇంజను అలల మీద ఎగిరెగిరి పడితే బోల్టులు ఊడొస్తాయట. ఇంజను కదిలితే దాని ఇరుసు పడవ అడుగును చీలుస్తుంది. పక్కన రెండో ఇంజను ఎంత బాగున్నా అప్పుడు అక్కరకు రాదు. నా చెవులు వేడెక్కాయి. కళ్లు మూసుకుని కొనమన్నది నేనే.

అప్పటికి ఒంటిగంటన్నర. తిరుపాలునూ యజమాని మనిషినీ కూడా వెంటబెట్టుకుని అన్నానికి వెళ్లాం. పల్లెలో ఒక ఇంట్లో అడిగితే వండి పెడతారు, మనిషికి నూటయాభై. ఆ ఇంటామె వంజరం పులుసు వడ్డిస్తూ, ఈ కాలంలో మామిడికాయ దొరకదు, అందుకే రుచి తక్కువని బాధపడింది. దేవకి సంచి విప్పి గుప్పెడు ఒరుగులు ఇస్తే, మరుగుతున్న పులుసులో అప్పటికప్పుడే వేసింది. రెండోసారి వడ్డించినప్పుడు పులుసు నిజంగానే వేరుగా ఉంది. మునిరత్నం మాత్రం ముద్ద కలిపి అలాగే కూర్చున్నాడు.

దూలాలు కోసి కొత్తవి వేయొచ్చు, మిగతా పడవ గట్టిదేనని తిరుపాలు చెప్పాడు. అయితే ఫైబరు పని తడిలో అతకదు. అక్టోబరులో వానలు పడితే మూడు నెలలు పని ఉండదు. సంక్రాంతి తర్వాత పడవ ఆరాలి, ఆ తర్వాత కోత. అంటే గేలం వేసేవాళ్లు వచ్చే జనవరి, ఫిబ్రవరి నెలలు పోయినట్టే. యజమాని మనిషి ఇంకో మాట చెప్పాడు. పైన ఇనుప పట్టీ వేసి బిగిస్తే రెండేళ్లు ఢోకా లేదట, చాలామంది అలాగే నడుపుతున్నారట. మునిరత్నం ఆ మాటకు మెత్తబడ్డం నేను చూశాను. ఒక సీజను పని లేకుండా కూర్చోవడం తేలిక కాదు. నన్ను అడిగితే ఏమనేవాణ్నో తెలియదు, కానీ అతను నన్ను అడగలేదు.

"పట్టీ ఏపిస్తే నువ్వు ఎక్కతావా అక్కా?" అన్నాడు.

"ఎక్కను. నేనెక్కని దాంట్లో ఊరోళ్ల బిడ్డల్ని ఎక్కించొద్దు నాయనా."

మునిరత్నం చేయి కడుక్కుని వచ్చి, దూలాలు మార్చేదాకా పడవలోకి ఇంజన్లు దించేది లేదని, ఆ షరతు మీదైతేనే పడవ తీసుకుంటానని ఆ మనిషికి చెప్పాడు. మర్నాడు రావాల్సిన పార్టీ గురించి ఆ మనిషి మళ్లీ ఎత్తలేదు. యజమానికి ఫోను కలిపాడు, ఆయన సరేనన్నాడు. నాలుగుకు పది నిమిషాల ముందు మేం ఆటో ఎక్కాం.

తిరుగు బస్సులో పాఠం నేను చెప్పలేదు. కరెంటు పోయి జనరేటరు నడిచే రోజుల్లో మీరు డబ్బాలు ఎలా వింటారని దేవకిని అడిగాను. వినబడదు కాబట్టి తట్టడం ఆపేసి, కరెంటు వచ్చేదాకా ఊరికే కూర్చుంటామని చెప్పింది. ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారని ఎన్ని సీజన్లు వెటకారం చేశానో నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుంది గానీ ఆ రోజు ఎత్తలేదు, అందుకు నాకు ఇంకా సిగ్గుగా ఉంది. నేను ఇంజను వినగలనని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. నా ఇంజను నడుస్తుంటే పక్కవాళ్లకు ఏం వినబడకుండా పోతోందో ఎన్నడూ ఆలోచించలేదు.

వానలు ఆ ఏడు ఆలస్యంగా వదిలాయి. మార్చిలో ఒక మధ్యాహ్నం, వారానికోసారి చేసినట్టే జనరేటరు నడిపి చూస్తున్నాను. దేవకి ఫోను పట్టుకుని గబగబా నడుచుకుంటూ వచ్చింది. మునిరత్నం పడవలో ఉన్నాడని, కొత్త దూలాలు నాలుగూ అయ్యాయని, ఇంజన్లు దించే ముందు అక్క వినాలంటున్నాడని చెప్పింది. ఎవరూ చెప్పకుండానే జనరేటరు ఆపేశాను. ఆమె ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది. అటు నుంచి జానెడు జానెడు జరుగుతూ, ఒక్కోచోట రెండు దెబ్బలు. పక్కనున్న నాకు కూడా సన్నగా వినబడింది. నాలుగో దూలం చివర దాకా విని, "ఇంక దించుకో. మొదటి దినం నేనే ఎక్కతా" అంది.

మీలో ఎవరైనా పాత పడవ చూడ్డానికి ఆ తీరానికి వెళితే ఒక్క సలహా. అక్కడ ఎంత మంచి ఇంజను నడుస్తున్నా ముందు దాన్ని ఆపించండి, తర్వాత మీ వెంట వచ్చిన మనిషి చేతికి ఒక పానా ఇవ్వండి.