గేట్లు లేని నీళ్లు

సిద్దిపేట నుంచి కాకినాడ మడ అడవులకు టూర్లు నడపడం నా పని. జనాన్ని పోగేసి, బస్సెక్కించి, పక్షుల్నీ నీటికుక్కల్నీ చూపించి, క్షేమంగా ఇళ్లకు చేరుస్తాను. ఆడదానికి ఈ అడవుల గొడవ ఎందుకని అడిగినవాళ్లు అడిగి అడిగి అలిసిపోయారు.

ఈ మధ్య అందరిదీ ఒకటే మాట. అంత దూరం ఎందుకు, తొగుట పక్కనే అంత పెద్ద రిజర్వాయరు ఉంది కదా, అక్కడే పడవ షికారు పెట్టమని. ఆ రిజర్వాయరు నీళ్ల కిందే మా ఊరు మునిగి ఉంది. అయినా నేను సరేనన్నాను, దాచను. పోస్టరు కూడా వేయించాను. అది చూసిన రోజు మా అమ్మ అన్నం ముందు నుంచి లేచింది. మేం ఆమెను అవ్వ అంటాం.

“నా ఇంటి మీదికెల్లి పడవ తిప్పుతవా?” అంది. అప్పటినుంచి నాతో మాట బంద్.

మాట్లాడకపోయినా, ఆ వారం టూరు బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు.

దారిలో టిఫిన్ల దగ్గర ఆలస్యం చేసుకుని, మేం చేరేసరికి సముద్రం వెనక్కి తగ్గింది. కాలువలో నీళ్లు లేవు. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. మావాళ్లు పడవాయన మీద పడ్డారు.

“నీళ్లు ఎవలు బంద్ వెట్టిన్రు? గేట్లెత్తమని చెప్పు. ఏ సారుకు ఫోన్ చెయ్యాలె?”

నీళ్లంటే గేట్లు, గేట్లంటే ఒక సారు, సారంటే ఒక దరఖాస్తు. మాకు తెలిసిన నీళ్లు అవే మరి.

పడవాయన నవ్వాడు. “గేట్లూ లేవు, సారూ లేడండి. పోటొత్తే నీళ్లు వాటంతటవే వత్తాయండి.”

“అచ్చినంక మల్ల పోతయా?” అవ్వ అడిగింది.

“ఎందుకు పోవండి? రోజుకు రెండుసార్లు వత్తాయి, రెండుసార్లు పోతాయి.”

“మరి కిందున్న జాగ?”

“అదెక్కడికి పోద్దండి? అక్కడే ఉంటాది.”

అవ్వ చెక్కల వంతెన మీద కూర్చుండిపోయింది. బురదలో మడచెట్ల వేళ్లు పైకి లేచి ఉన్నాయి, వాటి మధ్య పీతలు తిరుగుతున్నాయి. ఆమె ఏడవలేదు. ఇక్కడ సముద్రం కూడా తీసుకున్న నేలను పూటకోసారి తిరిగిస్తోంది. మా నేలను మాకు ఒక్క రోజుకైనా ఎవరూ తిరిగివ్వలేదు.

మధ్యాహ్నానికి పోటు వచ్చింది. నేను చెయ్యి అందించకముందే అవ్వ పడవెక్కింది.

“గిది ఎవ్వలింటి మీదికెల్లి పోతలేదు గద,” అంది. పోస్టరు చూసిన రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

ఒడ్డున మూడు నీటికుక్కలు చేప కోసం కొట్లాడుకుంటూ కనిపించాయి. చేపలు పట్టే అడవి పిల్లి, బావురుపిల్లి, మాత్రం కనబడలేదు. కనబడిందని అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

తిరుగు ప్రయాణంలో వెనక సీటు పెద్దాయన అడిగాడు. “బిడ్డా, మన రిజర్వాయర్ల పడవ ఎప్పుడు పెడ్తున్నవ్? పోస్టర్ జూసిన. మనుమలను తోలుకొస్త.”

అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“పెడ్తలేను కాకా.”

“గదేంది? మంచిగ నడుస్తది గద!”

“నడుస్తది. ఆ నీళ్ల కింద మా అవ్వ వండిన పొయ్యి ఉన్నది. దాని మీద నేను టికెట్లు కొయ్య.”