జేరె గౌర్

ఉర్దూ రాదని ఒప్పుకోవడానికి ఇరవై రెండేళ్ల వయసులో నాకు నామోషీ అయింది. ఆ నామోషీకి ఒక మనిషి ప్రాణం పోయింది. సర్కారు మీద నమ్మకం ఉంచాలమ్మా అని ఈనాడు ఎవరైనా నీతులు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. ముందు నా మీదే మండుతుంది, సర్కారు వంతు ఆ తర్వాత.

అమీర్‌పేటలో మా గల్లీ అంటే అప్పట్లో ముప్పై కొంపలు. సగం మా క్రైస్తవులవి. మిగతా సగం ఒకప్పుడు సేద్యం చేసి, భూములు పోయాక కూలిపనికి మళ్లినవాళ్లవి. పంజాగుట్ట అప్పుడు నిజంగానే గుట్ట. మగవాళ్లు పొద్దున్నే సుత్తెలు భుజాన వేసుకుని అక్కడికి రాళ్లు కొట్టడానికి పోయేవారు. నేను మిషన్ బడిలో పంతులమ్మను. తెలుగు బాగా, ఇంగ్లీషు కొంచెం వచ్చు కాబట్టి గల్లీకంతటికీ నేనే చదువుకున్న మనిషిని. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు ఉండేది నా సంగతి.

గల్లీ చివర బావి. నీళ్లు ఒకటే, గిరకలు మాత్రం రెండు. తూర్పు గిరక వాళ్లది, పడమటి గిరక మాది. మా చేద పొరపాటున వాళ్ల తాడుకు తగిలితే ఆ తాడును కడుక్కునేవాళ్లు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఈ పట్టింపులు ఉండేవి కావు. మిరుగు కార్తెకు, అంటే తొలకరి వానలకు, ముందు ఒక ఆదివారం, మా ఆరాధన ముగిశాక, అందరం కలిసి బావి పూడిక తీసేవాళ్లం. నీళ్లు తోడి పారబోసి, అడుగున పేరుకున్న నల్లటి బురదను తట్టలతో చేతులు మార్చి పైకి అందించేవాళ్లం. మోచేతుల దాకా బురద పూసుకున్నాక ఎవరి చెయ్యి ఎవరిదో దేవుడికే తెలియాలి. చివర్న సున్నం చల్లి ఇళ్లకు పోయేవాళ్లం. మర్నాడు మళ్లీ రెండు గిరకలు.

ఈ పనికి పెద్ద దిక్కు ఎదురింటి పెద్దమ్మ. ఆమెది తూర్పు గిరక, అయినా నన్ను బిడ్డా అనే పిలిచేది. ఆమెకు ఒక్కడే కొడుకు, రాళ్లు కొట్టేవాడు. నేను అన్నా అనేదాన్ని. పూడికనాడు బావిలోకి మొదట దిగేది, చివర పైకెక్కేది అతనే.

ఖైరతాబాద్ దాకా సర్కారు నల్లా నీళ్లు వచ్చాయని విన్నప్పుడు నాకు ఆశ పుట్టింది. నల్లాకు ఒకటే మూతి, దానికి తూర్పు పడమర ఉండవు. ఆ ఆశతో దరఖాస్తు నేనే తెలుగులో రాశాను. నీళ్ల దఫ్తరు బయట కూర్చుని అర్జీలు రాసే ముసలాయన దాన్ని ఉర్దూలోకి మార్చాడు. గల్లీ అంతా వేలిముద్రలు వేసింది. మొదటి ముద్ర పెద్దమ్మది. వేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ, "సర్కారుకు మన ఏలు ఎర్కనా బిడ్డా?" అంది.

"ఇప్పుడు ఎర్కయితది పెద్దమ్మా" అన్నాను. ఎంత ధీమానో నాకు.

ఎర్రమంజిల్ కింది దారిన ఇద్దరం నడిచి ఆ దఫ్తరుకు ఐదుసార్లు పోయాం. ఐదుసార్లూ "కల్ ఆవ్" అని రేపటికి తిప్పారు. ఆరోసారి అక్కడి మున్షీ మా నకలు కాగితం మార్జిన్లో రెండు ముక్కలు గీకి, మొహర్ ముద్ర గుద్ది, నా చేతికిచ్చి, "జేరె గౌర్. జావ్" అన్నాడు.

బజారు ఉర్దూ నాకు వచ్చు. కల్ ఆవ్, జావ్, చుప్ రహో, ఇవన్నీ తెలుసు. ఈ మాట మాత్రం తెలియదు. పెద్దమ్మ నా మొహంలోకి చూస్తోంది. "ఏమన్నడు?" అంది. జేరె అంటే చేరింది అనే గదా, మా గల్లీలో అట్లాగే అంటారు. గౌర్ అంటే గౌరవమే అయి ఉంటుంది అనుకున్నాను. "దరఖాస్తు జేరిందట పెద్దమ్మా. గౌరవించిండ్రట" అని చెప్పాను. మున్షీని అడగవచ్చు, బయట అర్జీలు రాసే ముసలాయన్ను అడగవచ్చు. పక్క గల్లీలో ఉర్దూ, ఫారసీ చదివిన హకీం సాబ్ ఉన్నాడు, ఆయన్ను అడగవచ్చు. చదువుకున్నదాన్ని, నేను అడగడమేమిటి? అడగలేదు.

సర్కారు గౌరవించిందనే మాట పొద్దుగూకకముందే ముప్పై ఇళ్లకూ పాకింది. బతుకంతా ఎవరి గౌరవమూ ఎరగని మనుషులు, ఆ మాటను పండుగ చేసుకున్నారు.

మిరుగు దగ్గరపడింది. అన్న తట్టలు, పారలు బయటకు తీశాడు. "నల్లా వచ్చినప్పుడు రానీ. గీ ఏడు సుత పూడిక తీద్దాం" అన్నాడు. నేనే అడ్డం పడ్డాను. "కొలతకు మనిషి వస్తడన్నా. బావి సాఫుగ కనబడితే, మీకు నల్లా ఎందుకని తిరిగిపోతడు. ఉన్నదున్నట్టు చూడనీ" అన్నాను. నా తెలివికి అందరూ తలూపారు. పెద్దమ్మ మాత్రం కొడుకు తీసిన పారల వైపు చూసింది. చివరికి, "చదువుకున్న పిల్ల చెప్పింది, ఇనుండ్రి" అంది. అన్న పారలు మళ్లీ చూరులో దోపాడు.

కొలతకు ఎవడూ రాలేదు. వానలు వచ్చాయి. రాళ్లపని గుంటల మురికంతా కొట్టుకొచ్చి, పూడిక తీయని బావిలో చేరి నీళ్లు పచ్చగా మారాయి. ఆ నీళ్లే వడగట్టి తాగాం. శ్రావణంలో గత్తర, అదే కలరా, వచ్చింది. మా గల్లీలో మొదట పడ్డది అన్న. పొద్దున వాంతులు మొదలయ్యాయి, దీపాల వేళకు మనిషి లేడు. రాళ్లు కొట్టి గట్టిపడ్డ ఆ చేతులు బట్ట పిండినట్టు ముడతలు పడిపోయాయి.

మూడోనాడు నేను ఆ కాగితం పట్టుకుని హకీం సాబ్ దగ్గరికి పోయాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "జేర్ అంటే కింద బిడ్డా. గౌర్ అంటే ఆలోచన. ఆలోచన కింద ఉన్నదని రాసిండ్రు. అంతే" అన్నాడు. ఇంకేమైనా ఉందా అని కాగితం తిప్పి చూపించాను. వెనక ఖాళీ. అరవై రెండు వేలిముద్రలు సర్కారు ఆలోచన కింద ఉన్నాయి, మా అన్న మన్ను కింద ఉన్నాడు.

పెద్దమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. గడప దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు తెల్వక చెప్పినవ్. వాండ్లకు తెల్సు గదా" అని లోపలికి పోయింది. అది క్షమించడం కాదని నాకు తెలుసు. ఆ తర్వాత చాలా నెలలు ఆమె నన్ను బిడ్డా అనలేదు.

గత్తర తగ్గాక దఫ్తరు నుంచి ఒకడు వచ్చాడు. ఈ నీళ్లు తాగరాదని రాసిన రేకు బావి పక్కన పాతిపోయాడు. అదీ ఉర్దూలోనే.

మరుసటి ఏడు మిరుగుకు ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరం బావి దగ్గరికి చేరాం. మొదట దిగాల్సిన అన్న లేడు. నేను కొంగు దోపుకుని మోకు పట్టుకున్నాను. ఆడది దిగడమేమిటని ఎవరూ అనలేదు. అప్పటి నుంచి ఆ పని నాదే అయింది.

ఏళ్లు గడిచాయి. రాజ్యం మారింది. దఫ్తర్ల మీద కొత్త జెండా ఎగిరింది. మన సర్కారు వచ్చింది, ఇక మన మాట వింటారని గల్లీ పడుచువాళ్లు మళ్లీ దరఖాస్తు పట్టుకొచ్చారు. నన్నే రాయమన్నారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. రాశాను. ముద్ర వేయమని పెద్దమ్మను ఎవరూ అడగలేదు, ఆమె కూడా రాలేదు.

జవాబు ఎండాకాలం చివర శనివారం టపాలో వచ్చి, సరిగ్గా పూడిక తీసే ఆదివారం నాడు నా చేతికి అందింది. ఈసారి ఉర్దూ కింద తెలుగులో కూడా ఒక వాక్యం అచ్చేశారు. "మీ అర్జీ పరిశీలనలో ఉన్నది." ఎవరినీ అడిగే పని లేదు. ప్రతి అక్షరం నాకు అర్థమైంది.

బావి చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. పడుచువాళ్లు నా చేతిలోని కాగితాన్నే చూస్తున్నారు. పెద్దమ్మ తూర్పు గిరక పక్కన తట్టల మీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనక కళ్లు చికిలించి, "గీసారి సుత గౌరవించిండ్రా బిడ్డా?" అని అడిగింది.

నేను కాగితం మడిచి రవికెలో దోపుకుని, ఆమె చేతి కింది తట్ట తీసుకుని బావిలోకి దిగాను.