మామూలే సార్

ఆ ఆసుపత్రికి వచ్చేవన్నీ గోక్కునే ప్రాణులే. బొచ్చు రాలిన కుక్కలు, చెవులు విదిలించే పిల్లులు, తిన్నదేదో పడక పొట్టంతా దద్దుర్లు లేచినవి. చర్మం, చెవి, అలర్జీ తప్ప ఇంకో జబ్బు అక్కడ చూడరు. పద్నాలుగేళ్ల కిందట అక్కడ నేల తుడవడానికి చేరిన మనిషిని ఇప్పుడందరూ ముక్కక్క అంటారు.

చేరిన రెండో ఏడు, బల్ల కింద తుడుస్తూ తలెత్తి, "ఈ చెవిలో చీముంది సార్. మొన్నటి పిల్లి చెవి వాసనే ఇదీనూ" అంది. డాక్టరు నవ్వాడు. దూదిపుల్లతో చెవిలోది తీసి, గాజుపలక మీద రాసి మైక్రోస్కోపులో చూశాడు. నిజంగానే చీము. నెల తిరిగేసరికి చీపురు ఇంకొకరి చేతికి వెళ్లింది. ఆమె బల్ల దగ్గర నిలబడింది.

అప్పటినుంచి అక్కడ అదే పద్ధతి. కుక్క తల ఒడిసిపట్టుకుని చెవి దగ్గర ఒక్కసారి ఊపిరి పీల్చేది. పులిసిన పిండి వాసనైతే ఫంగస్. "మామూలే సార్" అనేది. గాజుపలక అక్కర్లేదు, చుక్కల మందు రాసి పంపేవాడు. తియ్యగా కుళ్లిన వాసనైతే "చూడాలి సార్" అనేది. అప్పుడు మైక్రోస్కోపు. ఆమె మాట తప్పిన రోజు లేదు.

ఈ చలికాలంలో ముక్కక్కకి జ్వరం వచ్చి వారానికి తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లో పాలు మాడి గిన్నె నల్లబడితే, పక్కనే కూర్చున్న ఆమెకు తెలియలేదు.

"ముక్కు ఆసుపత్రిలో మరిచిపోయి వచ్చావా ఏంటే?" అంది అత్త.

"రేపు తెచ్చుకుంటాలే అత్తయ్యా" అని నవ్వింది. మొగుడికి కూడా చెప్పలేదు. ముక్కు లేని ముక్కక్కకి ఆ బల్ల దగ్గర ఏం పని? మళ్లీ చీపురే.

మొదట్లో అన్ని చెవులకీ "చూడాలి సార్" అంది. నాలుగోరోజు డాక్టరు అడిగాడు: "ఏంటమ్మా, నీకీమధ్య అన్నీ అనుమానాలే?" ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. మర్నాటి నుంచి గులిమి రంగు చూసి, రెండింటికి ఒకటి చొప్పున "మామూలే" అనడం మొదలుపెట్టింది. నెలన్నర గడిచింది. ఎవరూ పట్టుకోలేదు. కంటితోనే నెట్టుకురావచ్చనుకుంది.

అలాంటి ఒక సోమవారం టైలరమ్మ తన ముసలికుక్కను తెచ్చింది. వేలాడే చెవులు. రెండూ వాచి, చెవిలోకి చూసే దీపపు గొట్టం లోపలికి పట్టలేదు. బయట బెంచీల నిండా జనం.

"రోజంతా నా మిషన్ కిందే పడుకుంటుంది సార్. కత్తెర చప్పుడైతే చాలు, తలెత్తి చూస్తుంది. నాకున్న తోడల్లా ఇదే" అంది టైలరమ్మ.

ముక్కక్క వంగి ఊపిరి పీల్చింది. ఏమీ లేదు. నీళ్లు వాసన చూసినట్టుంది. గులిమి గోధుమరంగులో ఉంది.

"మామూలే సార్" అంది.

పదిరోజులకు కుక్క ఒక పక్కకి ఒరిగిపోతూ వచ్చింది. ఈసారి మత్తిచ్చి చూశారు. చీము ఎప్పుడో రెండు కర్ణభేరుల్నీ తినేసింది. ఆ చిల్లుల్లోంచి చుక్కలమందు లోపలి చెవికి దిగి, దాన్ని దెబ్బతీసింది. మత్తు వదిలి కుక్క లేచి కూర్చున్నాక డాక్టరు దాని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. కుక్క కదల్లేదు.

"ఇక వినపడదండీ" అన్నాడు.

టైలరమ్మ కుక్క తల నిమిరింది. "ఒక్క పూట మందు వెయ్యలేదు సార్. పెళ్లిబట్టలు ఇవ్వాల్సి ఉండి, శుక్రవారం సాయంత్రం మరిచిపోయాను" అంది. డాక్టరు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అవుననలేదు. కాదని కూడా అనలేదు.

ఆమె బయటికెళ్లాక ముక్కక్క తలుపు దగ్గరగా వేసింది.

"నాకు వాసన పోయి రెండు నెలలైంది సార్."

అతను గాజుపలకల పెట్టె వైపు చూశాడు. పెట్టె నిండుగా ఉంది. "పలక మీద చూసుకోవాల్సింది నేను" అన్నాడు. ఆ వెంటనే, "ఆవిడకి చెప్పకు. ఆసుపత్రి మూతపడుతుంది" అన్నాడు. చీపురు మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

బయట బెంచీ మీద టైలరమ్మ కూర్చునుంది. ఇంకా నీరసంగా ఉన్న కుక్క ఆమె చెప్పుల మీద తల పెట్టింది. ముక్కక్క పక్కన కూర్చుంది.

"తప్పు మీది కాదండీ. నాది. నాకు ముక్కు పనిచెయ్యట్లేదు. వాసన తెలియకుండానే మామూలే అన్నాను."

టైలరమ్మ ఆమె మొహంలోకి చూసింది. నెమ్మదిగా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా మనసు కుదుటపడాలని అంటున్నావు. ఎంత మంచిదానివమ్మా."

"నిజంగానండీ. ఒట్టు."

"ఒట్లెందుకులే. నీ ముక్కు సంగతి ఎవరికి తెలీదు? ఊరంతా చెప్పుకుంటారు. ఆ శుక్రవారం నేనే మానేశాను. నా చేతులతో నేనే చేసుకున్నాను."

ముక్కక్క మళ్లీ చెప్పబోయింది. టైలరమ్మ అప్పటికే అటు తిరిగిపోయింది. పక్కనే ఒళ్లో పిల్లితో, చేతిలో చుక్కలమందు సీసాతో ఒకామె ఉంది.

"ఒక్క పూట కూడా మానకండమ్మా. నేను మానేశాను, ఇదిగో చూడండి" అంది టైలరమ్మ.

పిల్లినెత్తుకున్నామె భయపడుతూ తలూపింది.