తమ్ముడి నోట్లో తడి

ఈ ఉదయం అరుగు మీద కూచుని, ఉప్పు మాత్రమే వేసిన చోడి అంబలి తాగుతున్నాను. గోడ అవతలి నుంచి పటుక్కుమని చప్పుడు వచ్చింది. మా తమ్ముడు వేయించిన చింతగింజ కొరికాడు. కాసేపటికి ఇంకోటి. డెబ్బై దాటిన మనిషి పొద్దున్నే చింతగింజలు నమలడమేమిటని మీరడగవచ్చు. నాకు వినిపించడానికే నములుతాడని నా అనుమానం. నా నోట్లో ముందు పళ్ళు నాలుగు మిగిలాయి, అవీ సన్నాయిని ఆనించుకోవడానికే ఉన్నట్టు. వాడి నోట్లో అన్నీ ఉన్నాయి, పచ్చబారి, గారపట్టి, ఒక్కటీ కదలకుండా.

గజపతినగరం దగ్గర మా ఊరి గుడిలో మా ఇంటివాళ్ళదే మేళం. మా అయ్య తరవాత పెద్ద సన్నాయి నాది, వెనక అందుకునేది తమ్ముడు. పళ్ళ విషయంలో నేను చిన్నప్పటి నుంచీ నిష్ఠగా ఉన్నవాణ్ణి. ముందు వేపపుల్ల, ఆ తరవాత బ్రష్షు, రెండు పూటలా. వాడు బొగ్గుపొడి వేలికి అద్దుకుని అటూ ఇటూ రాసి పుక్కిలించేస్తే తోముకోవడం అయిపోయినట్టే. పెళ్ళి మేళాలకు వెళ్తే వాడి విస్తట్లో బూరెల పొట్టు కూడా మిగిలేది కాదు, తిరిగొచ్చే దారిలో జేబులోంచి బెల్లం ముక్క తీసి బుగ్గన పెట్టుకునేవాడు. షుగరు మాత్రం నాకొచ్చింది.

సన్నాయి మూతికి తగిలించే రెల్లు ముక్కను మేము పీక అంటాం. ఎండు పీక పలకదు. నోట్లో పెట్టుకుని నానబెట్టాలి, మెత్తబడి విచ్చుకున్నాక ఊదాలి. మా అయ్య కొత్త పీకను ముందు తన నోట్లో నానబెట్టి, అది దారికొచ్చాక తీసి మా నోళ్ళలో పెట్టేవాడు. ఎంగిలి అనే మాట మా ఇంట్లో అన్నానికే గాని పీకకు లేదు. పెద్దతనంలో ఆయనకూ షుగరు వచ్చింది. నోరెండిపోయింది, పళ్ళు ఒకదాని వెనక ఒకటి పుచ్చి ఊడిపోయాయి. దేవుడి సేవలో అరగదీసుకున్నాడని ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నారు. చివరి రోజుల్లో పక్కన మరచెంబు పెట్టుకుని, పీకను నీళ్ళలో ముంచి వాయించేవాడు. నీటి తడి ఎంతసేపు నిలుస్తుంది? మా అమ్మ అయితే పోయే ముందు కూడా వక్కను పళ్ళతోనే పగలగొట్టింది.

మొన్నీమధ్య విజయనగరంలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మనవరాలి వయసు. నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తుంటే అది నా బుగ్గకు లోపల అతుక్కుపోయింది. “చూశారా తాతా, అద్దం ఊడి రాట్లేదు. నోట్లో తడి లేదు,” అంది. రెండు పూటలా తోముకుంటానని రోషంగా చెప్పాను. “బ్రష్షు రెండు పూటలే తాతా. మిగతా రోజంతా పళ్ళు కడిగేది ఉమ్మే. షుగరు వల్ల మీకది తగ్గిపోయింది, ఉన్నదాంట్లోనూ తీపి పెరిగింది. ఇంక పళ్ళు పుచ్చక ఏటవుతాయి?”

“మరి మా తమ్ముడో? ఒక తల్లి పిల్లలమే.”

“ఒక తల్లి పిల్లలైతే ఒకే నోరు వస్తాదా? ఉమ్మి ఎంత ఊరాలి, పంటి పైపొర ఎంత గట్టిగా ఉండాలి, ఇవన్నీ కొంత పుట్టుకతో వచ్చేవే. షుగరొచ్చే గుణమూ అంతే. మీరు నాన్నగారి పోలికేమో. అలాగని వదిలేయకండి, షుగరు అదుపులో ఉంటే మిగిలినవైనా నిలుస్తాయి.”

నేను బడికి మూడో తరగతితో స్వస్తి చెప్పినవాణ్ణి. పకోడీ పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఇప్పుడు పేపర్లో ఆరోగ్యం పేజీ ఒక్కటీ వదలను. తోముకున్నవాడి నోరు ఎండుతుందనీ, బెల్లం మింగినవాడి నోరు ఊరుతుందనీ ఎవడూ రాయలేదే? బస్సులో దారి పొడుగునా మండిపోయాను. అయ్య పోయాక ఇంటి మధ్య గోడ కట్టి, దూలాలతో సహా సమానంగా పంచుకున్నాం. అమ్మ నోరు వాడికెవరు పంచారు?

ఆ మంట చల్లారకముందే స్వామి కల్యాణం వచ్చింది. మంగళసూత్రం వేళ పెద్ద సన్నాయి ఆగకూడదు. ఆగితే అపశకునం. కిందటేడు నా పీక ఒకసారి కీచుమంది. అందుకని ధర్మకర్త ముందే చెప్పేశాడు: “ఈపాలి గాని ఆగిపోనాదంటే, మరింక నీ తమ్ముడే పెద్ద సన్నాయి.” పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని కూచున్నాను. తమ్ముడు సన్నాయి ఒళ్ళో పెట్టుకుని, బుగ్గ ఉబ్బించుకుని, పలకరించినా పలకడు. దేవుడి ముందు కూడా బెల్లమేనా అనుకున్నాను. నా చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నాడనీ అనుకున్నాను.

ముహూర్తం దగ్గర పడింది. రాగం ఎత్తుకున్నాను, నాలుగు సంగతులకే పీక ఎండి కీచుమంది. నీళ్ళలో ముంచాను. మళ్ళీ కీచుమంది. ధర్మకర్త ఇటు తిరిగాడు. అప్పుడు తమ్ముడు బుగ్గలోంచి తీశాడు, బెల్లం కాదు, పీక.

“ఇదెట్టు అన్నియ్యా. పొద్దున్నుంచి నానెట్టేను.”

“నువ్వే వాయించీరా. ఉమ్మి నీదే కదా,” అన్నాను, మంట దాచుకోకుండా.

“ఉమ్మొక్కటే సాలద్దేటి? అయ్య సన్నాయి నీకిచ్చీసి ఎల్లిపోనాడు. నాకు అమ్మ పళ్ళొచ్చినాయి. పళ్ళతో నానేటి వాయిస్తాను, సింతగింజలు కొరుక్కోడం తప్ప? ఎట్టు, పంతులు తాడట్టుకున్నాడు.”

పెట్టాను. వెచ్చగా ఉంది, మెత్తగా విచ్చుకుని ఉంది. ఊదితే నలభై ఏళ్ళనాటి నా నాదం వచ్చింది. డోలు జోరందుకుంది, సూత్రం పడింది, ధర్మకర్త అటు తిరిగిపోయాడు. తమ్ముడు అప్పటికే ఇంకో పీక బుగ్గన పెట్టేశాడు.

అప్పటి నుంచీ మేళం ఉన్న రోజు గోడ మీదుగా ఒక తడి పీక అందుతుంది. తీసుకుంటాను. తీసుకుంటూనే కుళ్ళుకుంటాను, దాచడమెందుకు. వాయిస్తుంటే మాత్రం, అమ్మ తడి మీదుగా అయ్య ఊపిరి పోతున్నట్టుంటుంది. కాలం ఆ ఇద్దరినీ తీసుకుపోయింది గాని వాళ్ళ సొత్తు ఇక్కడే వదిలేసింది, గోడకు అటు కొంత, ఇటు కొంత. నాకు రాని వాటా పక్కింట్లో పటుక్కు పటుక్కుమంటూనే ఉంది.